టంకసాల చేసిన తప్పు

నక్షత్రపు గుర్తు గల నాణేనికి లక్షల రూపాయలు వస్తాయన్న ప్రకటనలు మన విద్యార్థుల సెల్‌ఫోన్లలో తరచుగా కనబడుతున్నవి. అంబర్‌పేటలో ఉన్న మనకు ఇది నవ్వు తెప్పించవలసిన మాట. ఆ నక్షత్రం హైదరాబాదు టంకసాల గుర్తు. ఉప్పల్, నాచారం దాటి తూర్పున ఉన్న చర్లపల్లిలో 1997 నుండి ఆ టంకసాల పనిచేస్తున్నది. అంతకు పూర్వం సైఫాబాదులో ఉండేది. సంవత్సరం క్రింద వజ్రపు గుర్తుంటే ముంబయి, చుక్క ఉంటే నోయిడా, ఏదీ లేకుంటే కలకత్తా. ఇవి నాణెం పుట్టినింటి గుర్తులే గాని తప్పులు కావు.

మరి తప్పు అనగా ఏది? నాణెం తయారయ్యే తీరు తెలిస్తే గాని దానిని గుర్తించలేము. మొదట లోహపు రేకు నుండి గుండ్రని బిళ్ళలు కోస్తారు; అంచు లేపుతారు; పిదప రెండు అచ్చుల నడుమ నుంచి అదుముతారు. రేకు సరిగా జరగక, కోత అంతకు ముందరి రంధ్రం మీద పడినచో నెలవంక కొరికినట్టున్న బిళ్ళ వస్తుంది. బిళ్ళ ప్రక్కకు జరిగితే బొమ్మ సగమే పడుతుంది. ఒక్కొక్కప్పుడు ముద్ర పడిన నాణెం అచ్చుకే అంటుకొని, తరువాతి బిళ్ళకు తానే అచ్చవుతుంది. అప్పుడా బిళ్ళకు ఒక ప్రక్క సరైన బొమ్మ, రెండవ ప్రక్క అదే బొమ్మ అద్దంలో వలె తిరగబడి, లోతుగా దిగి ఉంటుంది. మన నాణేల వర్తకులు దీనిని ‘లఖీ’ అంటారు. తప్పులన్నింటిలో మాకు దీని మీదనే మక్కువ.

నిజాముల కాలపు హాలీ సిక్కాలను ఈ కొలతతో చూడరాదు. చేతితో కొట్టిన ఆ నాణేలకు అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది. ‘ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్’ అన్న టంకసాల పేరులో కొన్ని అక్షరాలు తెగిపోవడం అక్కడ సహజం. అట్లే, 1911లో గద్దెనెక్కిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తొలి రూపాయలపై, చార్మినార్ ద్వారంలో ఆయన పేరిటి ‘ఐన్’ అక్షరం సగమే కనబడుతుంది. పిదప పూర్తిగా వచ్చింది. అది అచ్చులోని భేదం, ముద్రలోని దోషం కాదు. సేకర్తలు రెండింటినీ కోరుతారు.

వెల మాటకు వస్తే, తప్పు ఎంత కొట్టవచ్చినట్టుంటే అంత గిరాకీ. కొద్దిగా జరిగిన ముద్రకు విలువ స్వల్పం. సగం జరిగినా సంవత్సరమూ, టంకసాల గుర్తూ నిలిచి ఉంటే ఎక్కువ. పాలిష్ పెట్టి రుద్దితే ఉన్న విలువా పోతుంది.

దొంగ తప్పులు కూడా ఉన్నవి. ఆకురాయితో అరగదీసినవి, సుత్తితో కొట్టినవి, ఆమ్లంలో నానబెట్టినవి. కొరుకుడు నిజమైనదైతే, దానికి సరిగా ఎదుటి వైపున అంచు తరచుగా పలుచబడి ఉంటుంది. ఆకురాయి ఆ పని చేయలేదు. రెండు ప్రక్కలా ఒకే బొమ్మ ఉన్నదని ఎవరైనా చూపితే అంచు చుట్టూ అతుకు వెదకవలె, రాతిపై మోగించి వినవలె. బరువు కూడా సాక్ష్యమే: పది రూపాయల నాణెం సుమారు 7.7 గ్రాములుండాలి. ఆమ్లంలో కరిగించినది అంత తూగదు.

కొనేవాడు ముందుగా కమీషన్, పన్ను అంటూ మన చేతనే డబ్బు కట్టించుకుంటే అది వర్తకం కాదు. తన పేరు వాడుకొని ఇట్లు వసూళ్ళు చేస్తున్నారని, తాను ఈ లావాదేవీలు జరపదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించింది. నిజమైన నాణేల వర్తకుడు మొదట అడిగేది నాణెం. దానిని భూతద్దం క్రింద పెట్టి చూచి, అటుపైననే వెల చెబుతాడు.