నలుగురిదీ అంటే ఎవరిదీ కాదు

కువైట్ వచ్చిన కొత్తలో ఫర్వానియాలోనో, అబ్బాసియాలోనో ఏడెనిమిది మందితో ఒకే ఫ్లాట్‌లో సర్దుకున్నవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. బాత్రూమ్ ఒక్కటే. అయినా ఎలా నడిచింది? ఎవరి టైము వారిది, కడిగే వంతు అందరిదీ, ఫినాయిల్ ఖర్చు తలా కొంత. ఈ పద్ధతి మన ఊళ్ళకూ పనికొస్తుందా?

2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలైనప్పుడు గ్రామాల్లో అర్హత గల ఇంటికి మరుగుదొడ్డి కోసం 12,000 రూపాయలు ప్రకటించారు. కానీ అన్నదమ్ములు పంచుకోగా మిగిలిన సెంటు స్థలంలో గుంటలకు చోటెక్కడ? అలాంటి వారి కోసం సామూహిక మరుగుదొడ్లు కట్టుకోవచ్చని ఆ పథకంలోనే ఉంది.

చిక్కల్లా కట్టిన తర్వాతే. బల్బు పోతే మార్చేవారుండరు, మోటారు చెడితే అడిగేవారుండరు. చివరికి తలుపుకి తాళం, ఆడవాళ్ళు మళ్ళీ చీకటి పడేదాకా ఎదురుచూపు.

తమిళనాడులోని తిరుచిరాపల్లిలో 'గ్రామాలయ' సంస్థ అండతో బస్తీ మహిళా సంఘాలు దీనికొక దారి చూపించాయి. వాడుకున్నవారి దగ్గర చిల్లర వసూలు చేసి, ఆ డబ్బుతోనే శుభ్రత, మరమ్మతులు చూసుకున్నాయి.

ఇంకా చిన్న పద్ధతి మూడు నాలుగు ఇళ్ళ ఉమ్మడి యాజమాన్యం. ప్రతి ఇంటికీ ఒక తాళంచెవి, వారం వారం వంతు, నెలకింత చందా. స్థలం ఎవరిది, హక్కు ఎవరెవరిది అన్నది ముందే కాగితం మీద రాసుకోవాలి. రెండు గుంటల పద్ధతి మేలు. ఒకటి నిండగానే రెండోదానికి మళ్ళిస్తారు. మూసిన గుంటలోది ఏడాదిన్నర, రెండేళ్ళకు ఎరువవుతుంది. వాడేవారు పెరిగితే గుంటలు త్వరగా నిండుతాయి కనుక పరిమాణం ముందే లెక్క వేసుకోవాలి. కడిగే పని మాత్రం ఏదో ఒక కులం నెత్తిన వేయకూడదు.

ఇది సొంత మరుగుదొడ్డికి సాటి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ లెక్కల్లో కూడా, ఎంత మంచిదైనా ఇళ్ళ మధ్య పంచుకునేది ఒక మెట్టు కిందే. అర్ధరాత్రి నిండు గర్భిణికి, ముసలివారికి నాలుగిళ్ళ అవతలి తలుపు దూరమే. చోటుంటే సొంతమే కట్టుకోవాలి. లేనిచోట ఆరుబయటి కన్నా ఇది ఎంతో నయం.

ఈసారి సెలవుకి వెళ్ళినప్పుడు ఊరికి మరుగుదొడ్డి కట్టిద్దామనుకుంటే, శిలాఫలకం మీద పేరు సంగతి తర్వాత. ఆరు నెలలయ్యాక తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో ముందు అడగండి.