అర్హతయు, అవకాశమును

ప్రవేశపరీక్షల ఫలితములు వెలువడిన దినమున అనేక గృహములలో ఒకే చర్చ వినవచ్చును. “మావానికి ఎక్కువ మార్కులు వచ్చినను వైద్య కళాశాలలో సీటు రాలేదు, తక్కువ వచ్చినవానికి వచ్చినది. ఇక ప్రతిభకు విలువ యెక్కడిది?” అని ఒక తండ్రి వాపోవును. “మా వంశమున కళాశాల గడప తొక్కినవాడు వీడే మొదటివాడు. ఇన్ని తరములు మేము వెలుపల నిలిచియున్నప్పుడు ఈ ప్రశ్న ఎవరును అడుగలేదే!” అని వేరొక తండ్రి బదులు చెప్పును. ఇరువురి మాటలలోను బాధ కలదు. దాని మూలమేమో కొంచెము విచారింతము.

ఈ వివాదము నిన్న మొన్న పుట్టినది కాదు. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రములో చేరియున్న కాలమున, అచటి వైద్య, ఇంజనీరింగు కళాశాలలలో ప్రతి 14 సీట్లను ఇట్లు పంచుచుండిరి: బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, నాడు హరిజనులనబడిన వారికి 2, ఆంగ్లో ఇండియనులకును క్రైస్తవులకును కలిపి 1, మహమ్మదీయులకు 1. చంపకం దొరైరాజన్ అను మహిళ దీనిని ప్రశ్నింపగా, 1951లో సుప్రీంకోర్టు ఆ పద్ధతి రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పినది. ఆ సంవత్సరమే పార్లమెంటు రాజ్యాంగమును మొదటిసారి సవరించి, సాంఘికముగను విద్యావిషయమునను వెనుకబడిన వర్గములకు, షెడ్యూల్డు కులములకు, తెగలకు ప్రత్యేకమైన ఏర్పాట్లు చేయు అధికారమును ప్రభుత్వములకు కల్పించినది. అయితే 1962లో మైసూరు రాష్ట్రము 68 శాతము సీట్లను కేటాయింపగా, న్యాయస్థానము అది మితిమీరినదనియు, సామాన్యముగా ఇట్టి కేటాయింపు సగమునకు లోబడియుండవలెననియు చెప్పినది.

ఇంతకును ప్రతిభ యనగా నేమి? విద్యార్థి ఎంత నేర్చియున్నాడో పరీక్ష కొన్ని గంటలలో కొలుచును. ఎక్కడనుండి బయలుదేరి వచ్చినాడో కొలువదు. ఒకరు చెరువుగట్టున వంగి కడవ ముంచుకొందురు. వేరొకరు పది బారల లోతు బావినుండి నీరు చేదుకొందురు. కడవలను మాత్రమే లెక్కించువానికి రెండవవారి శ్రమ కానరాదు. వైద్య కళాశాలల అఖిలభారత కోటా సీట్లను గూర్చి 2022లో తీర్పు చెప్పుచు, పరీక్షలోని మార్కులే ప్రతిభకు సంపూర్ణమైన కొలత కావని సుప్రీంకోర్టు సైతము అభిప్రాయపడినది.

“దాహము గొన్నవానికి నిండు కడవయే కావలెను గదా! రోగికి కావలసినది సమర్థుడైన వైద్యుడు గదా!” అని కొందరందురు. ఈ శంక సహేతుకమే. దీనికి సమాధానము కళాశాల ద్వారమున గాక, పట్టము పుచ్చుకొను చోట కలదు. కేటాయింపు ప్రవేశమునకే గాని ఉత్తీర్ణతకు కాదు. ఎం.బి.బి.ఎస్. పరీక్షలో గట్టెక్కుటకు కావలసిన మార్కులు అందరికిని ఒక్కటే. కాబట్టి ద్వారము తెరచి ఊరకుండిన చాలదు. ఆంగ్లములో సాగు పాఠములకు తడబడువారికి మొదటి సంవత్సరముననే తోడ్పడుట కళాశాలల విధి.

కేటాయింపును సమర్థించువారును ఒక ప్రశ్న నెదుర్కొనవలెను: ఆ సీటు మిక్కిలి వెనుకనున్నవారికి చేరుచున్నదా? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1970లో వెనుకబడిన తరగతులకు 25 శాతము కేటాయించుచు, వారిని ఎ, బి, సి, డి అను నాలుగు భాగములుగా విభజించినది. వారిలో బలవంతులు బలహీనుల వంతును గ్రహింపకుండుటకే ఈ ఏర్పాటు. షెడ్యూల్డు కులములకును ఇట్టి వర్గీకరణ కావలెనని తెలుగునాట పెద్ద ఆందోళన జరిగినది. 2000లో శాసనము వచ్చినది. 2004లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది. తుదకు 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, రాష్ట్రములు అట్లు వర్గీకరింపవచ్చునని తీర్పు చెప్పినది. 2025లో తెలంగాణలోను, ఆంధ్రప్రదేశ్‌లోను వర్గీకరణ అమలులోనికి వచ్చినది.

సీటు తప్పిన బాలుని నిరాశ నిజము. తన యింట తొలిసారి కళాశాలకు పోవు బాలిక ఆశయు నిజమే. సీట్లు కొలదిగా నుండుటచే వీరిరువురును ఒకరి కొకరు పోటీయైరి. పదునెనిమిదవ యేట కళాశాల ద్వారమున చూపు న్యాయము అవసరమే. కాని ఆరవ యేట పల్లెబడిలోనే మంచి ఉపాధ్యాయుని, మంచి పుస్తకమును అందించు న్యాయము అంతకంటె ముందు జరుగవలసినది. అది జరిగిన నాడు ఆ తండ్రు లిరువురును ఒకే పరీక్షను ఒకే ధైర్యముతో ఎదురుచూడగలరు.