పిల్లి నుదుటి మీద పిట్ట

మన తెలుగు ఇళ్ళలో పిల్లికి ఏనాడూ పెద్ద గౌరవం లేదు. ఎదురొస్తే అపశకునం, వంటింట్లో తిరిగితే పాలదొంగ, కోపం వచ్చి శపిస్తే ఆ శాపాలకి ఉట్లు కూడా తెగిపడవు. తెనాలి రామకృష్ణుడి పిల్లి రాయలవారి కొలువుదాకా వెళ్ళి కూడా పాలగిన్నెని చూసి పారిపోయి అందర్నీ నవ్వించిందే తప్ప సాధించిందేమీ లేదు. ఆవుకి పూజ ఉంది, పాముకి నాగులచవితి ఉంది, ఎలుకకి వినాయకుడి పాదాల దగ్గర చోటుంది. పిల్లికోసం మాత్రం మనవాళ్ళు పాలగిన్నె మీద మూత పెట్టడం తప్ప మరేమీ పెట్టలేదు.

అలాంటి పిల్లి మొహంతో కాన్వాసంతా నింపి, దాని నుదుటి మీద ఒక చిన్న పిట్టని నిలబెట్టిన చిత్రకారుడు పాల్ క్లే. స్విట్జర్లండులో బెర్న్ నగరం దగ్గర 1879లో పుట్టి, జర్మనీలో పేరు తెచ్చుకున్నాడాయన. 1928లో, డెస్సౌలోని బౌహౌస్ కళాశాలలో పాఠాలు చెబుతున్న రోజుల్లో ఈ బొమ్మ వేసి ‘పిల్లి, పిట్ట’ అని అతి సాదా పేరు పెట్టాడు. ఇప్పుడది న్యూయార్కులోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ వారి సేకరణలో ఉంది. వెడల్పు 53 సెంటీమీటర్లు, ఎత్తు 38. మన గోడల మీది వెంకటేశ్వరస్వామి క్యాలెండరుని అడ్డంగా తిప్పితే ఎంతుంటుందో ఇంచుమించు అంతే.

అందులో ఏముందని అడిగితే చెప్పడానికి ఎక్కువ లేదు. కొన్ని గీతలు, రెండు పెద్ద కళ్ళు, హృదయం ఆకారంలో ఎర్రటి ముక్కు కొస. ఆ కళ్ళు మననే చూస్తున్నట్టుంటాయి గాని, కాసేపు నిలబడితే అవి ఎవరినీ చూడటం లేదని తెలుస్తుంది. పిట్ట కొమ్మ మీద లేదు, పిల్లి ఎదురుగానూ లేదు. సరిగ్గా ఆలోచన ఉండే చోట ఉంది. అంటే పిల్లి బయట పిట్టని చూడటం లేదు, లోపలి పిట్టని చూస్తోంది.

ఇలాంటి బొమ్మల ముందు మనవాళ్ళనే మాట ఒకటుంది: “ఇంతోటిదానికి మ్యూజియమెందుకండీ, మా రెండో క్లాసువాడు ఇంతకంటే బాగా వేస్తాడు!” ఈ మాట క్లే విని ఉంటే నొచ్చుకునేవాడు కాదు. తాను చిన్నప్పుడు వేసిన బొమ్మల్ని దాచుకుని, వాటికి తన రచనల జాబితాలో చోటిచ్చిన మనిషి ఆయన. అయినా నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే విషయం మరొకటుంది. నైరూప్య చిత్రం మనకి అర్థం కాదని చెప్పుకునే మనం, కన్నూ ముక్కూ లేని సాలగ్రామానికి పట్టుబట్ట కడతాం. శివలింగానికి అభిషేకం చేస్తూ, ఇందులో చేతులేవి, కాళ్ళేవి అని పూజారిగారిని అడగం. సంక్రాంతికి చుక్కలు పెట్టి మెలికల ముగ్గు వేసే ఇల్లాలిని, ఇది దేని బొమ్మమ్మా అని ఎవరూ నిలదీయరు. రూపం లేనిచోట అర్థం చూడటం మనకి పుట్టుకతో వచ్చిన విద్య. మ్యూజియం టిక్కెట్టు కొనగానే దాన్ని కోటుతోపాటు అక్కడి కౌంటర్లో అప్పజెప్పి లోపలికి వెళ్తున్నాం, అంతే.

మా అత్తగారు ఆ విద్యని ఎక్కడా అప్పజెప్పని మనిషి. ఇండియా నుంచి వచ్చే చుట్టాలకి లిబర్టీ విగ్రహం, ఎంపైర్ స్టేట్ బిల్డింగు చూపించడం న్యూజెర్సీలో ఉన్న మాకందరికీ తప్పని విధి కదా. ఆవిడ వచ్చినప్పుడు ఆ విధి పూర్తిచేశాక మ్యూజియానికి తీసుకెళ్ళాను. ఈ బొమ్మ ముందు కళ్ళజోడు సర్దుకుని నిలబడి, “ఇదేవిటండీ అల్లుడుగారూ, బొట్టు పెట్టుకోవలసిన చోట పిట్టని పెట్టుకుందీ పిల్లి!” అన్నారు. ఈ బొమ్మ గురించి నేను చదివిన పెద్ద పెద్ద వ్యాసాలన్నీ ఒకెత్తు, ఆవిడ ఒక్క మాటా ఒకెత్తు.

ఎందుకంటే నుదుటన బొట్టు పెట్టుకున్న పిల్లి మనదేశపు చిత్రకళలో నిజంగానే ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో కలకత్తా కాళీఘాట్ గుడి చుట్టుపక్కల పటువాలనే చిత్రకారులు, యాత్రికులు కొనుక్కుని వెళ్ళడానికి చవక కాగితాల మీద చకచకా బొమ్మలు వేసి అమ్మేవారు. అందులో బాగా పేరు పడ్డది పిల్లి బొమ్మ. నుదుటినుంచి ముక్కుదాకా వైష్ణవ తిలకం, నోట్లో ఒక రొయ్య! మాంసం ముట్టనని చెప్పుకుంటూ చాటుగా చేపలు మింగే దొంగ సన్యాసుల మీద ఎత్తిపొడుపు అది. తరవాత జామినీ రాయ్ (1887–1972) ఆ పటువాల గీతనే ఆధారం చేసుకుని, రొయ్యని పట్టుకున్న పిల్లుల్ని మళ్ళీ మళ్ళీ వేశాడు. వివరాలు ఒక్కొక్కటీ తీసేస్తూ పోగా చివరికి మిగిలింది రెండు కళ్ళూ, నాలుగు వంపులూ.

ఈ ఎత్తిపొడుపు కాళీఘాట్‌లో పుట్టింది కాదు. మహాభారతం ఉద్యోగపర్వంలోనే ఉంది. గంగ ఒడ్డున ముందుకాళ్ళు పైకెత్తి తపస్సు చేస్తున్నట్టు నటించిన పిల్లిని ఎలుకలు నమ్మాయి. అది రోజురోజుకీ బలిసింది, ఎలుకల లెక్క తగ్గింది. చమత్కారమేమిటంటే, ఈ కథని ఉలూకుడితో చెప్పించి పంపినవాడు దుర్యోధనుడు. చెప్పమన్నది ధర్మరాజుకి, నువ్వే ఆ పిల్లివి అని! మహాబలిపురంలో ఏడో శతాబ్దపు పల్లవ శిల్పులు చెక్కిన పెద్ద బండ మీద ఈ పిల్లి ఉంది. మద్రాసు మీదుగా వెళ్ళేవారు ఈసారి వెతికి చూడండి. ఒంటికాలి మీద నిలబడి చేతులు పైకెత్తి తపస్సు చేస్తున్న మునిని అర్జునుడంటారు కొందరు, భగీరథుడంటారు కొందరు. అదే బండ మీద కింది భాగాన, అదే భంగిమలో పిల్లి. చుట్టూ ఎలుకలు. శిల్పి ఇద్దరినీ ఒకేలా నిలబెట్టాడు. భంగిమని బట్టి ఎవరిది తపస్సో, ఎవరిది ఆకలో చెప్పలేం.

ఇంతవరకే అయితే పిల్లి కపటానికి గుర్తు అని సరిపెట్టుకోవచ్చు. కాని శ్రీవైష్ణవ కుటుంబాల్లో పెరిగినవారికి మరో పిల్లి తెలుసు. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకోవాలి, అది మర్కటకిశోర న్యాయం. పిల్లికూన ఏమీ చెయ్యదు. తల్లే దాన్ని నోట కరుచుకుని తీసుకుపోతుంది, అది మార్జాలకిశోర న్యాయం. దేవుడి దయ దక్కడానికి మన ప్రయత్నం కావాలా, అక్కరలేదా అని వడగలై, తెంగలై సంప్రదాయాల మధ్య శతాబ్దాలపాటు సాగిన చర్చ ఈ రెండు జంతువుల మీదే నడిచింది. ఎలుక మెడకి ఏ పళ్ళు మృత్యువో, కూన మెడకి ఆ పళ్ళే శరణాగతి. ఆపరేషన్ బల్ల మీద మత్తుమందుకి ముందు మా చేతుల్లో తమని వదిలేసుకునే రోగుల్ని చూసినప్పుడల్లా నాకు ఈ న్యాయమే గుర్తొస్తుంది.

కాళీఘాట్ పటువాలు పిల్లికి తిలకం దిద్ది నవ్వుతున్న ఆ శతాబ్దంలోనే, అదే ఊరికి ఉత్తరాన దక్షిణేశ్వరంలో ఒక పూజారి, కాళికాదేవికి పెట్టవలసిన నైవేద్యాన్ని పిల్లికి పెట్టాడు. ఆయనే శ్రీరామకృష్ణ పరమహంస. పిల్లిలోనూ అమ్మవారే కనిపించింది ఆయనకి. గుడి ఉద్యోగి మధురబాబుకి ఫిర్యాదు రాస్తే, ఆయన్నలా చెయ్యనివ్వండని జవాబొచ్చింది. ఒకే నగరం, ఒకే కాలం. ఒక పిల్లి దొంగ భక్తుడు, మరో పిల్లి సాక్షాత్తూ అమ్మవారు.

ఆ కలకత్తాకి 1922 డిసెంబరులో బౌహౌస్ చిత్రాల ప్రదర్శన వచ్చింది. ఇండియన్ సొసైటీ ఆఫ్ ఓరియంటల్ ఆర్ట్ వారు ఏర్పాటు చేసిన ఆ ప్రదర్శనలో కాండిన్‌స్కీ చిత్రాలతోపాటు క్లే చిత్రాలూ ఉన్నాయి. మన ‘పిల్లి, పిట్ట’ అప్పటికింకా పుట్టలేదు. క్లే కాళీఘాట్ పిల్లిని చూశాడనీ నేననను. ప్రపంచంలో మంచిదంతా మన దగ్గర్నుంచే వెళ్ళిందని సావనీరులో రాసే అలవాటు మనకి కాస్త ఉంది, దాన్ని ఇక్కడ వాడదలచుకోలేదు. క్లేకి పిల్లుల మీద మక్కువ ఇంట్లోంచే వచ్చింది. భార్య లిలీ పియానో పాఠాలు చెప్పి సంసారం నడిపిన రోజుల్లో ఆయన వంట చేశాడు, కొడుకుని పెంచాడు. ఫ్రిట్జీ, బింబో అనే పిల్లులు ఆ ఇంట్లో మనుషులతో సమానం. జంతువుల్లో మనిషికి లేని నిర్మలత్వం ఉందని నమ్మి నీలం, పసుపు రంగుల్లో పిల్లుల్ని వేసిన ఫ్రాంజ్ మార్క్ ఆయనకి ఆప్తమిత్రుడు. మార్క్ 1916లో వెర్డన్ యుద్ధంలో 36 ఏళ్ళకే చనిపోయాడు. మార్క్ జంతువులు లోకాన్ని మరిచిన ఋషుల్లా ఉంటాయి. క్లే పిల్లి అలా కాదు, దానికి ఆకలుంది. నాకిదే నచ్చుతుంది. ఆకలిని దాచకుండానే ధ్యానంలో ఉన్న మొహం అది.

1933లో నాజీలు ఆయన్ని డ్యూసెల్‌డార్ఫ్ అకాడెమీ ఉద్యోగంలోంచి తీసేశారు. బెర్న్‌కి తిరిగి వెళ్ళాడు. 1937లో మ్యూనిక్‌లో ‘భ్రష్టకళ’ అని పేరుపెట్టి జనం చేత ఎగతాళి చేయించిన ప్రదర్శనలో ఆయన చిత్రాలూ వేలాడాయి. ఈలోగా, 1935లో జబ్బుపడ్డాడు. ఆ జబ్బు స్క్లీరోడెర్మా అని ఆయన పోయిన తరవాత గాని బయటికి చెప్పలేదు. చర్మం తోలులా బిగుసుకుపోతుంది, మొహంలో కదలిక తగ్గుతుంది, ఆహారనాళం గట్టిపడి ముద్ద దిగదు. మా వైద్యులకే ఈ రోజుకీ కొరుకుడుపడని వ్యాధి. 1936లో ఆయన వేసినవి పాతిక బొమ్మలే. 1939లో పన్నెండు వందలకు పైగా! ద్రవాహారంతో ప్రాణం నిలుపుకుంటూ రోజుకి మూడు బొమ్మల పైచిలుకు వేశాడన్నమాట. ఆయన నుదుటి మీద ఏ పిట్ట ఉందో వేరే చెప్పాలా? పుట్టింది స్విట్జర్లండులోనే అయినా తండ్రి జర్మనుడు కనక ఆయనకి అక్కడి పౌరసత్వం లేదు. దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూస్తూ, అది చేతికి రాకముందే 1940 జూన్ 29న కన్నుమూశాడు. గ్రీన్‌కార్డు కాగితాలకోసం ఏళ్ళతరబడి పోస్టుడబ్బా తెరిచి చూసుకున్న మనకి ఆ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

మ్యూజియంలో గోడల మీది బొమ్మల్ని మారుస్తూంటారు. కనక ‘పిల్లి, పిట్ట’ మీరు వెళ్ళిన రోజున కనపడకపోవచ్చు, ముందు కనుక్కుని వెళ్ళండి. పిల్లల్ని తీసుకెళ్ళండి, కాని బొమ్మ కింది కాగితం మాత్రం ముందే చదివి వినిపించకండి. అత్తగారితో వెళ్ళిన రోజున మా పిల్లలూ ఉన్నారు. పిట్ట పిల్లి తలలో ఉంది గనక దాన్నెవరూ తినలేరు, సేఫ్ అన్నాడు మావాడు. అయితే అది ఎప్పటికీ బయటికి ఎగిరిపోలేదు కదా అంది వాడి అక్క. లింకన్ టన్నెల్ దాటి ఇల్లు చేరేదాకా కారు వెనకసీట్లో అదే తగువు. మధ్యలో కూర్చున్న అమ్మమ్మగారిని తీర్పు చెప్పమంటే, “ఆకలేస్తోందర్రా, ముందు పులిహోర పొట్లం విప్పండి” అన్నారావిడ.