చెవి సాగుతుంది... తొందర సాగదు!

తెర మీద హీరోయిన్ విసురుగా తల తిప్పుతుంది. జుంకాలు ఊగుతాయి. హాల్లో ఈలలు! ఆ జుంకాల్ని మోస్తున్న చెవి తమ్మె సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. పాపం, దానికి ఎముక లేదు, చెవి పైడిప్పలో ఉండే మృదులాస్థి కూడా లేదు. కాస్త కొవ్వు, దాని మీద చర్మం... అంతే! ఈ వారం కబుర్లు ఆ తమ్మె గురించే.

ఎందుకంటారా? కుర్రకారులో ఇప్పుడో సరదా ఉంది. కుట్టించుకున్న చెవి రంధ్రాన్ని మెల్లగా సాగదీసి, అందులో గుండ్రటి బిళ్ళలో, గొట్టాలో తొడుక్కోవడం. బిళ్ళలైతే ప్లగ్గులు, గొట్టాలైతే టన్నెల్సు. కొందరి చెవుల్లోంచి అవతలి గోడ మీది వాల్‌పోస్టరు కనిపిస్తుంది!

ఇది ఇవాళ పుట్టిన ఫ్యాషనా? కానే కాదు. అమరావతి శిల్పాల్లోని మనుషుల చెవులు చూడండి, ఎంతెంత నగలో! తమిళనాడులో మధుర, తిరునల్వేలి వైపు పెద్దమ్మలు పాంబడం అనే బరువైన బంగారు నగ పెట్టుకునేవారు. తమ్మెలు భుజాలదాకా జారేవి. అంతెందుకు, మన సుశ్రుతుడి సంహితలో దీనికి ఒక అధ్యాయమే ఉంది. చెవి ఎలా కుట్టాలి, నూనెలో తడిపిన వత్తి ఎలా పెట్టాలి, క్రమంగా లావు వత్తులు ఎలా మార్చాలి... అన్నీ రాశాడు. అదే అధ్యాయంలో తెగిన తమ్మెని అతికించే పద్ధతులు 15 చెప్పాడు. చూశారా! సాగదీసేవాళ్ళలో తెంచుకునేవాళ్ళూ ఉంటారని ఆ మహానుభావుడికి అప్పుడే తెలుసు.

తెర మీది మాయ

2006లో మెల్ గిబ్సన్ తీసిన 'అపోకలిప్టో' చూసే ఉంటారు. అందులో మాయా వీరుల చెవులకి పెద్ద పెద్ద బిళ్ళలు! అవన్నీ నిజంగా సాగదీసిన చెవులే అనుకున్నారా? మేకప్ వాళ్ళు అతికించిన దొంగ తమ్మెలండీ! మన పౌరాణికాల్లో కుండలాలదీ అదే వరస. పేకప్ అనగానే పెట్టెలోకి వెళ్ళిపోతాయి. సహజ కవచకుండలాలతో పుట్టినవాడు కర్ణుడొక్కడే. మనం సాగదీసుకున్న చెవి మాత్రం పేకప్ తర్వాత కూడా మనతోనే ఇంటికొస్తుంది.

ఆమధ్య నాకో కాలేజీ కుర్రాడు తగిలాడు. "అన్నా, వారంలో మూడు సైజులు ఎక్కించేశా!" అన్నాడు రికార్డు కొట్టినంత గర్వంగా. దగ్గరికెళ్ళి చూస్తే తమ్మె ఎర్రగా వాచిపోయి ఉంది. రంధ్రం వెనకవైపు లోపలి చర్మం పెదవిలాగా బయటికి తిరుగుతోంది. దీన్నే బ్లోఅవుట్ అంటారు. బలవంతంగా తోస్తే వచ్చే ఫలితం. వెంటనే చిన్న సైజుకి దిగి మాననిస్తే చాలావరకు సర్దుకుంటుంది. మొండికేస్తే జన్మంతా ఆ మడత ఉండిపోతుంది.

ఇదీ లెక్క

ఈ సైజుల్ని గేజుల్లో చెబుతారు. కరెంటు తీగల లెక్కలాగే ఇదీ తలకిందుల వ్యవహారం. అంకె తగ్గేకొద్దీ లావు పెరుగుతుంది. మామూలు దుద్దు కాడ 20 లేదా 18 గేజు, అంటే ఇంచుమించు ఒక మిల్లీమీటరు. 14 గేజు 1.6 మిల్లీమీటర్లు. సున్నా గేజు 8, రెండు సున్నాలైతే సుమారు 10.

చెవి కొత్తగా కుట్టించుకున్నవాళ్ళు కనీసం ఆరు నెలలు దాని జోలికే పోకూడదు. ఏడాది ఆగితే ఇంకా మంచిది. ఆ తర్వాత కూడా మెట్టుకీ మెట్టుకీ మధ్య ఆరు నుంచి ఎనిమిది వారాలు. పెద్ద సైజులకి ఇంకా ఎక్కువ. ఒక్కో మెట్టు అర మిల్లీమీటరు, మహా అయితే ఒక మిల్లీమీటరు. గేజుల మధ్య మెట్లు దాటితే మధ్య సైజు అడిగి తీసుకోండి. ఆలస్యం అమృతం విషం అంటారుగానీ, ఇక్కడ ఆలస్యమే అమృతం!

మార్చే రోజున వేడినీళ్ళ స్నానం చేయండి, చర్మం మెత్తబడుతుంది. చేతులు సబ్బుతో కడుక్కోండి. నగని వేడినీళ్ళతో శుభ్రం చేసి, కాస్త నూనె రాసి నెమ్మదిగా తొడగాలి. సరైన సమయం వచ్చిన చెవిలోకి అది దానంతటదే జారినట్టు వెళుతుంది. నొప్పి పెట్టినా, రక్తం చెమ్మ కనిపించినా అక్కడితో ఆపండి. పాత సైజే మళ్ళీ పెట్టుకుని ఇంకో నెల ఆగండి. పెన్ను మూతలు, అగ్గిపుల్లలు గుచ్చే ప్రయోగాలు అసలే వద్దు.

కొత్తగా సాగిన రంధ్రంలో గాజుదిగానీ, శరీరంలో అమర్చడానికి వాడే రకం టైటానియందిగానీ నునుపైన ప్లగ్గే పెట్టాలి. ప్లాస్టిక్కు, రబ్బరు, చెక్క వద్దు. గిల్టు నగల్లో నికెల్ ఉంటుంది, చాలామందికి అది పడదు. పైడిప్పకి ఈ పని వద్దేవద్దు. మధుమేహం ఉన్నవాళ్ళు, దెబ్బ మానినచోట కండ ఉబ్బే (కెలాయిడ్) లక్షణం ఇంట్లో ఉన్నవాళ్ళు ముందు డాక్టర్ని అడగాలి.

తర్వాతి సేవ

మందుల షాపులో దొరికే సెలైన్‌తో రోజుకి రెండుసార్లు కడిగితే చాలు. స్పిరిట్టు, హైడ్రోజన్ పెరాక్సైడు, పసుపుముద్ద ఏవీ వద్దు. మానే చర్మాన్ని అవి ఇబ్బంది పెడతాయి. నగని ఊరికే తిప్పుతూ కూర్చోకండి. వాపు, వేడి, చీము, జ్వరం కనిపిస్తే డాక్టరు దగ్గరికి పరిగెత్తండి. ఆయన చూసేదాకా నగ మీ అంతట మీరు తీసేయకండి. పైన రంధ్రం మూసుకుపోతే చీము లోపల చిక్కుకుంటుంది.

పూర్తిగా మానాక రోజూ నగ తీసి, రంధ్రాన్నీ నగనీ సబ్బునీళ్ళతో కడగాలి. లేకపోతే రాలిన చర్మం, జిడ్డు చేరి వాసన వస్తుంది. పక్కసీటువాళ్ళు ఇంటర్వెల్‌కే లేచిపోతారు! ఆ తర్వాత కొంచెం కొబ్బరినూనెతో అయిదు నిమిషాలు తమ్మెని మర్దన చేయండి. చర్మం పలచబడకుండా ఉంటుంది.

మరి బరువు జుంకాలో?

అమ్మాయిలూ, ఇది మీకు. టన్నెల్సు మీకు అక్కర్లేకపోవచ్చు. కానీ రోజూ బరువు జుంకాలు తగిలిస్తే తమ్మె మీ అనుమతి లేకుండానే సాగుతుంది. అదీ గుండ్రంగా కాదు, కిందికి గీతలాగా! ఒకరోజు దువ్వెన తగిలి తెగుతుంది. పెద్దవాళ్ళు బుట్టకమ్మలకి చెంపసరాలు తగిలించి జుట్టులో గుచ్చేవారు. అది అందానికే కాదు, బరువులో సగం జుట్టు మీదికి పంపే ఉపాయం. పెళ్ళికి పెట్టుకోండి, ఇంటికి రాగానే తీసేయండి. పడుకునేటప్పుడు అసలు వద్దు.

వెనక్కి రాగలమా?

చిన్న సైజులైతే నగ తీసేస్తే కొన్ని నెలల్లో చాలావరకు ముడుచుకుంటుంది. ఎనిమిది, పది మిల్లీమీటర్లు దాటాక ఎవరూ హామీ ఇవ్వలేరు. అప్పుడు ప్లాస్టిక్ సర్జనే దిక్కు. తమ్మెకి మత్తిచ్చి, అంచులు కత్తిరించి కుట్టేస్తారు. చిన్న ఆపరేషనే. కానీ ఖర్చుంది, మచ్చ ఉంటుంది. మళ్ళీ కుట్టించుకోవాలంటే నెలల తరబడి ఆగాలి.

కాబట్టి మొదలుపెట్టే ముందే ఎక్కడ ఆగాలో నిర్ణయించుకోండి. మీ అభిమాన నటుడు తర్వాతి సినిమాకి గెటప్ మార్చేస్తాడు. మీకున్న చెవులు ఆ రెండే! చెవిన ఇల్లు కట్టుకుని చెబుతున్నాను, కాస్త చెవిని పెట్టండి మరి!