వెన్నులో మత్తు – శరీర ఉష్ణోగ్రత నియంత్రణ

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మే నెల పగటి ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటడం మామూలే. అలాంటి ఎండలో కూడా సిజేరియన్ అయిన బాలింత వణుకుతూ థియేటర్ నుంచి బయటికి రావచ్చు. ఇంటివారు దాన్ని జ్వరం అనుకుంటారు. చాలాసార్లు కారణం నడుము దగ్గర వెన్నులోకి ఇచ్చిన మత్తు సూది.

హైపోథాలమస్ శరీరపు లోపలి ఉష్ణోగ్రతను 37 డిగ్రీల దగ్గర నిలుపుతుందని గత భాగంలో చదివారు. చలివేస్తే అది ముందు చర్మపు రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. అది చాలకపోతే వణుకు పుట్టిస్తుంది. ఈ ఆజ్ఞలు నాడుల ద్వారానే కాళ్లకు చేరాలి. బుపివకెయిన్ వంటి మందు నొప్పి నాడులతోపాటు ఈ నాడులను కూడా ఆపేస్తుంది.

దాంతో కాళ్లలోని రక్తనాళాలు వ్యాకోచిస్తాయి. పానగల్లు ఉదయసముద్రం తూము ఎత్తితే నీరు ఎక్కడికీ మాయం కాదు, చెరువులోంచి పొలాలకు చేరుతుంది. ఇక్కడ వేడి కూడా అంతే: ఛాతీ, పొట్టల నుంచి కాళ్లకు పారుతుంది. మొదటి గంటలో లోపలి ఉష్ణోగ్రత తగ్గడానికి ముఖ్య కారణం ఈ పునఃపంపిణీయే. థియేటర్‌లోని ఏసీ, చల్లని సెలైన్ ఆ తర్వాతి కారణాలు.

ఇక్కడొక చిక్కు గమనించండి. కాళ్ల నుంచి చలి సంకేతాలు అందవు కాబట్టి మెదడు శరీరం వెచ్చగానే ఉందని పొరపడుతుంది. వణుకు మామూలుకంటే సుమారు అర డిగ్రీ కిందికి దిగాకగాని మొదలుకాదు. మొదలైనా దవడలు, భుజాలు వణుకుతాయే తప్ప కాళ్లు కదలవు. అందువల్ల రోగి "నాకు చలి లేదు" అన్న మాటను నమ్మి ఊరుకోకూడదు, థర్మామీటర్‌తో చూడాలి. రోగి మెలకువగా ఉన్నాడు కదా అని చాలామంది ఈ పని చేయరు. వృద్ధులలో ప్రమాదం మరీ ఎక్కువ.

36 డిగ్రీల కంటే తగ్గితే రక్తం గడ్డకట్టే శక్తి తగ్గుతుంది, గాయానికి చీము పట్టే అవకాశం పెరుగుతుంది. 1996లో కుర్జ్, సెస్లర్ బృందం పెద్దపేగు ఆపరేషన్ అయిన 200 మందిని పరిశీలించింది. వెచ్చగా ఉంచినవారిలో 6 శాతానికి, మిగిలినవారిలో 19 శాతానికి గాయం చీము పట్టింది. వారికి ఇచ్చింది పూర్తి మత్తే అయినా, చల్లబడిన ఒంటికి కలిగే నష్టం మాత్రం అటువంటిదే.

పాలమూరు గొంగడి కప్పితే బయటికి పోయే వేడి తగ్గుతుంది గాని కొత్త వేడి రాదు. అందుకే వెచ్చని గాలి ఊదే దుప్పటి, వేడిచేసిన సెలైన్ వాడతారు. సూదికి ముందే కొంతసేపు కాళ్లను వెచ్చబరిస్తే తూము ఎత్తినా పారే వేడి తక్కువగా ఉంటుంది. ప్రసవ గదిని కనీసం 25 డిగ్రీల వద్ద ఉంచాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన శిశువు కోసమే అయినా తల్లికీ మేలు చేస్తుంది.