మామత్ గుహలో పొద్దుతిరుగుడు గింజలు

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో గ్రీన్ నది పక్కన ఉన్న మామత్ గుహకు చాలామంది దాని పొడవు గురించి విని వెళ్తారు. ఇప్పటిదాకా కొలిచిన దారులే 680 కిలోమీటర్ల పైచిలుకు. ప్రపంచంలో ఇంతకన్నా పొడవైన గుహ ఏదీ బయటపడలేదు. మన బెలూం గుహల పొడవు మూడు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ అని గుర్తుచేసుకుంటే ఆ అంకె ఎంతటిదో తెలుస్తుంది. అంత దూరం ఎవరం ఎలాగూ నడవలేం. వెళ్లినవాళ్లు మాత్రం గోడలను తప్పక పరకాయించి చూడాలి.

లాంతర్ల వెలుగులో తీసుకెళ్లే సందర్శన ఒకటి ఉంది. వీలైతే దానికే టికెట్ తీసుకోండి. లాంతరు పైకెత్తితే గోడమీద తెల్లటి జిప్సం పొర మెరుస్తుంది. ఆ పక్కనే, మనిషి చెయ్యి అందే ఎత్తుదాకా, రాయి బోసిగా ఉంటుంది. అక్కడున్న జిప్సాన్ని ఎవరో రాళ్లతో కొట్టి, ఆలిచిప్పలతో గీకి పట్టుకుపోయారు. ఈ తవ్వకం ఇప్పటికి సుమారు 5,000 ఏళ్ల కిందట మొదలై, 2,000 ఏళ్ల కిందటిదాకా సాగింది.

రాతిలో ఉండే పైరైట్‌కు గాలి, తేమ తగిలితే సల్ఫేటు పుడుతుంది. అది సున్నపురాయిలోని కాల్షియంతో కలిసి జిప్సం అవుతుంది. రాతి సందుల్లోంచి ఊరిన తేమ గోడమీద ఆరిపోయినప్పుడు ఆ జిప్సం పొరకట్టి మిగులుతుంది. నీళ్లు కారేచోట ఇది నిలవదు. మామత్ గుహకు పైన ఇసుకరాయి కప్పు ఉంది కాబట్టి వాననీరు తిన్నగా లోపలికి దిగదు. పైగా గ్రీన్ నది తన లోయను కోసుకుంటూ కిందికి పోయేకొద్దీ భూగర్భజలం కూడా కిందికి దిగింది. నీళ్లు అడుగున కొత్త సొరంగాలు తొలుచుకుంటే, పైనున్న పాతవి ఎండిపోయాయి. వాటిలో ఏడాది పొడుగునా 12 డిగ్రీల సెల్సియస్ చల్లదనం. ఆ పొడి, ఆ చలి, మట్టిలోని లవణాలు కలిసి, బయటైతే నాలుగు వానలకే కుళ్లిపోయే వస్తువులను వేల ఏళ్లు కాపాడాయి.

వాటిలో కాగడా ముక్కలే ఎక్కువ. అక్కడి వాగుల ఒడ్డున పెరిగే ఒక సన్న వెదురు జాతిని, ఎండిన కలుపుమొక్కల కాడలను కట్టలు కట్టి వెలిగించేవారు. కొస మాడి వెలుగు తగ్గినప్పుడల్లా గోడకేసి తట్టి మసి రాల్చేవారు. ఆ నల్లమరకలు దారి పొడుగునా ఇప్పటికీ ఉన్నాయి. తిరిగి రావడానికి సరిపడా కట్టలు చంకన పెట్టుకోకుండా చీకట్లో కిలోమీటర్ల కొద్దీ ఎవరూ పోరు. దారితప్పి అంత లోపలికి వచ్చారనుకోవడానికి వీల్లేదు. వాళ్లు సొరబుర్రలూ, ఆకునారతో అల్లిన చెప్పులూ కూడా వదిలి వెళ్లారు. జిప్సంతోపాటు మిరాబిలైట్ అనే లవణాన్ని కూడా ఏరుకున్నారు. అది నోటికి ఉప్పగా ఉంటుంది, విరేచనాలకు పనికొస్తుంది.

ఇంతకీ శాస్త్రానికి అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది వాళ్ల మలం. గుహలో విడిచింది విడిచినచోటే ఎండి నిలిచిపోయింది. ఇదే గుహల వ్యవస్థలో భాగమైన సాల్ట్స్ గుహలో పురావస్తు శాస్త్రవేత్త పాటీ జో వాట్సన్ బృందం 1960లలో పని మొదలుపెట్టింది. ఎండిన ఆ మలాన్ని విడదీసి చూస్తే పొద్దుతిరుగుడు గింజల పొట్టు, హికరీ కాయల పెంకులు, గుమ్మడి జాతి గింజలు కనిపించాయి. మన చక్రవర్తి కూరకు దగ్గరి చుట్టమైన ఒక మొక్క గింజలు కూడా ఉన్నాయి. పొద్దుతిరుగుడు గింజలు అడవి రకాలకన్నా పెద్దవి. పెద్ద గింజలు ఏరి దాచి, మళ్లీ విత్తే అలవాటు తరతరాలుగా సాగితేనే అలాంటి మార్పు వస్తుంది. మొక్కజొన్న మాత్రం లేదు. మెక్సికో నుంచి మొక్కజొన్న వచ్చాకే ఆ ప్రాంతానికి వ్యవసాయం తెలిసిందన్న నమ్మకానికి ఇది పెద్ద దెబ్బ. ఈరోజు ఉత్తర అమెరికా తూర్పు భాగాన్ని సాగు సొంతంగా పుట్టిన ప్రాంతాల్లో ఒకటిగా లెక్కిస్తున్నారు. మన వంటింటి నూనె ప్యాకెట్ మీద కనిపించే పువ్వుకు పుట్టిల్లు ఆ ప్రాంతమే.

గుహలో తవ్వకాల పనిలో ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. 1935లో ఒక బండకింద ఒక మనిషి శరీరం ఎండిపోయిన స్థితిలో దొరికింది. లవణాల కోసం తవ్వుతుంటే టన్నుల బరువున్న ఆ రాయి అతని మీదికి ఒరిగింది. ఆ శరీరాన్ని ఎన్నో ఏళ్లు సందర్శకులకు ప్రదర్శించి, 1970లలో తీసేశారు. ఆ పని ఇంకా ముందే చేయాల్సింది. అతను ఎవరికో కొడుకు, అతని వారసులనదగ్గ ఆదివాసీ తెగలు ఈనాటికీ ఉన్నాయి.

గుహలో నేలమీదున్న కాలిన పుల్లను కూడా ముట్టుకోనివ్వరు. అతి జాగ్రత్త అని విసుక్కోనక్కర్లేదు. ఇవాళ పనికిరాదనిపించేది రేపటి పద్ధతికి సాక్ష్యం కావచ్చు. వాట్సన్ బృందం పని మొదలుపెట్టిన రోజుల్లో ఎండిన మలంలోని హార్మోన్లను బట్టి ఆడా మగా తేల్చే పద్ధతి లేదు. 1996లో వెలువడిన అధ్యయనంలో ఆ పద్ధతితో మామత్, సాల్ట్స్ గుహల నుంచి 12 నమూనాలను పరీక్షిస్తే, పన్నెండూ మగవాళ్లవేనని తేలింది. అంతకుముందే, 1991లో, వాట్సన్, మేరీ కెన్నెడీ కలిసి రాసిన వ్యాసంలో ఈ తూర్పు అడవుల్లో మొక్కలను సాగులోకి తెచ్చినవాళ్లు ముఖ్యంగా ఆడవాళ్లేనని వాదించారు. ఆ వాదన సరైనదైతే, మగవాళ్లు గుహలోకి కడుపులో పెట్టుకుని వెళ్లింది ఆడవాళ్లు పండించిన పంటనే.