వాపును బలుపనుకొనరాదు

వ్యాపారము విస్తరించుటయే వృద్ధియని లోకులు తలంతురు. కాని యది యే దిక్కునకు, ఎవరి ధనముతో విస్తరించుచున్నదో విచారించిననే గాని యది వాపో బలుపో తేలదు. వాల్‌చంద్ హీరాచంద్ కుటుంబ చరిత్ర యిందుకు తగిన యుదాహరణము.

వాల్‌చంద్ 1882లో షోలాపురమున వర్తక కుటుంబమున జన్మించెను. తాతతండ్రుల వడ్డీవ్యాపారమును విడచి, రైల్వే గుమాస్తాగా పనిచేసిన ఫాటక్ అను నాతనితో పొత్తుగలిసి గుత్తపనులు చేపట్టెను. 1926లో వెలసిన ఆయన హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ బొంబాయి పూనాల నడుమ భోర్‌ఘాటున సొరంగములు త్రవ్వి పేరుగాంచెను. పెద్దపనులు తెల్లదొరల కంపెనీలకే సాధ్యమను భ్రమ యట్లు తొలగెను.

ఆయన సాహసము గుత్తపనులతో ఆగలేదు. 1919లోనే మిత్రులతో గూడి సింధియా నౌకాసంస్థను నెలకొల్పెను. 1940లో మైసూరు సంస్థానపు తోడ్పాటుతో బెంగుళూరున విమాన కర్మాగారమునకు, 1944లో మోటారుకార్ల పరిశ్రమకు పూనుకొనెను. 1941 జూన్ 21న మన విశాఖపట్టణమున నౌకానిర్మాణశాలకు బాబూ రాజేంద్రప్రసాదు శంకుస్థాపనము గావించిరి. అచట నిర్మితమైన ‘జల ఉష’ను 1948 మార్చి 14న పండిత నెహ్రూ జలప్రవేశము చేయించిరి. విమానశాల యుద్ధకాలముననే ప్రభుత్వాధీనమయ్యెను. 1952లో నౌకాశాలయందును ప్రభుత్వమునకు అధికభాగము సంక్రమించెను. అయినను దేశమునకు లేని విద్యలు దేశమునకు దక్కినవి.

వాల్‌చంద్ 1953లో గతించిన పిమ్మట గుత్తపనుల కంపెనీని సోదరుల సంతతివారు నడపిరి. ఫరక్కా ఆనకట్ట, బొంబాయి సముద్రముపై 2009లో తెరువబడిన బాంద్రా-వర్లీ వంతెన వారి సామర్థ్యమునకు సాక్ష్యములు. కాని యా సంస్థయే అనుబంధ కంపెనీ ద్వారా పూనా చెంత కొండలలో ‘లవాసా’ యను క్రొత్త నగరమునకు పూనుకొనెను.

గుత్తపనికిని స్థిరాస్తి వ్యాపారమునకును గల భేద మిచటనే కలదు. గుత్తేదారునకు పని సాగినకొలది సొమ్ము ముట్టును. నగరము కట్టువాడో, ముందుగా భూమి కొని, బాటలు వేసి, నీరు తెచ్చి, పిమ్మట కొనువారికై ఎదురుచూడవలెను. పెట్టుబడి అప్పు, పని యాగినను వడ్డీ యాగదు. 2010 నవంబరులో కేంద్ర పర్యావరణశాఖ పని నిలుపుమని యాదేశించెను. 2018 ఆగస్టు నాటికి వ్యవహారము దివాలా విచారణకు వచ్చెను. ఇండ్లకై సొమ్ము చెల్లించినవారు ఋణదాతల వరుసలో నిలువవలసివచ్చెను.

కుటుంబసంస్థలు స్థిరాస్తి వ్యాపారము చేయరాదని మా మతము గాదు. తెలుగునాటను కాలువలు, బాటలు నిర్మించి పైకివచ్చిన కుటుంబము లనేకము ఇండ్ల వ్యాపారమున దిగినవి. వారు గ్రహింపవలసిన దొక్కటి: ఒక పనికి కూడిన ధనము వేరొక పనికి మరలరాదు. 2016 నాటి స్థిరాస్తి చట్టము కొనుగోలుదారుల సొమ్మున నూటికి 70 వంతులు ప్రత్యేకపు ఖాతాలో నుంచి, ఆ నిర్మాణమునకును దాని భూమికిని మాత్రమే వెచ్చింపవలెనని విధించినది. ఈ నియమమును కఠినముగా అమలుజరుపుట ప్రభుత్వముల విధి; ఆ ఖాతా సంగతి యడిగి తెలిసికొనుట కొనువారి విధి.

లేనిదానిని సంపాదించుట యోగము. సంపాదించినదానిని కాపాడుట క్షేమము. పెద్దలు ఈ రెంటిని జంటగానే పలికిరి. క్షేమమును మరచిన యోగమునకు మూల్యము చెల్లించునది వ్యాపారి యొక్కడే కాదు. జీవితకాలమున కూడబెట్టినదానిని ఒక యింటికై యతని చేతబెట్టిన సామాన్యుడును.